సంవత్సరీకం పుస్తకంలో అమ్మ గురించి ఏం రాయాలి, ఏం విడిచిపెట్టాలి?

ప్రశ్న అడిగినవారు: కృష్ణాతీరం

పెద్దలకు నమస్కారం. మాది దివిసీమలో నాగాయలంక దగ్గరి ఒక పల్లె. మా అమ్మ 2025 మాఘమాసంలో కాలం చేశారు. రాబోయే మాఘంలో సంవత్సరీకం జరిపే రోజున బంధువులకు పంచడానికి నలభై పేజీల చిన్న పుస్తకం వేయించాలని మేం అన్నదమ్ములం, అక్కచెల్లెళ్లం కలిసి అనుకున్నాం. పంతులు ఉద్యోగం చేసి రిటైరయినవాణ్ణి ఇంట్లో నేనొక్కణ్ణే కాబట్టి రాసే పని నా మీద పెట్టారు. మూడు నెలలుగా కూర్చుంటున్నాను గాని పని ముందుకు సాగడం లేదు.

మొదటి చిక్కు ఆమె వయసు దగ్గరే వచ్చింది. ఆధార్ కార్డులో పుట్టిన తేదీ 1935 జనవరి 1 అని ఉంది. ఆ రోజుల్లో తేదీ తెలియనివాళ్లందరికీ జనవరి 1 వేసేసేవారు కాబట్టి దాన్ని నమ్మలేం. అమ్మ మాత్రం తాను శుక్ల నామ సంవత్సరంలో అట్లతద్ది మర్నాడు పుట్టానని, తన పెద్దక్క పెళ్లినాటికి తాను ఊయల్లో ఉన్నానని, ఆ హడావుడిలో తనకు పాలు పట్టడం కూడా మరిచిపోయారని నవ్వుతూ చెప్పేవారు. తన పెళ్లి గురించి అడిగితే, విశాఖపట్నం మీద బాంబులు పడిన మరుసటి ఏడు కాక ఆ పై ఏడు జరిగిందనేవారు. పుట్టిల్లు కృష్ణకు అవతల, రేపల్లె వైపు. పడవ మీద ఏరు దాటి కాపురానికి వచ్చారు. పెనుమూడి దగ్గర వంతెన పడి పుట్టింటికి బస్సులో వెళ్లే వీలు వచ్చేనాటికి అక్కడ పలకరించడానికి తోబుట్టువులెవరూ మిగలలేదు.

రెండో చిక్కు నా రాత. రాసిన పది పేజీలూ చదువుకుంటే మా అమ్మ ఎక్కడా కనిపించడం లేదు. "త్యాగమూర్తి, సహనశీలి, ఎన్నడూ పరుషంగా మాట్లాడి ఎరుగని అన్నపూర్ణ" అని రాశాను. ఏ ఇంటి పెద్దకర్మ కార్డు తీసుకున్నా ఇవే మాటలు ఉంటాయి.

మూడోది చెప్పడానికే కష్టంగా ఉంది. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెనలో మా ఇంట్లో ఇద్దరు పోయారు. ఒకరు తొమ్మిదేళ్ల మా చిన్న చెల్లెలు, ఇంకొకరు మా పెద్దన్నయ్య కొడుకు, మూడేళ్లవాడు. నేనప్పుడు బందరులో చదువుకుంటున్నాను. దారులన్నీ తెగిపోవడంతో నాలుగో రోజుకు గాని నడిచి ఇల్లు చేరలేకపోయాను, చేరేసరికి అక్కడ ఇల్లు లేదు. ఆ రాత్రి ఏం జరిగిందో అమ్మ నాకు ఎన్నడూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఇప్పుడు పుస్తకంలో వాళ్లిద్దరి పేర్లూ వేద్దామని మా అక్క అంటోంది. పెద్దన్నయ్య ససేమిరా వద్దంటున్నారు. ఆయనకు డెబ్బై ఏడేళ్లు, ఆయన మాట కాదని ఈ ఇంట్లో ఏ పనీ జరగలేదు.

ఇంతకుముందు ఇలాంటి పుస్తకాలు వేసినవారు ఎవరైనా ఉంటే దయచేసి మార్గం చెప్పండి. అమ్మ గదిని ఇప్పటికే శుభ్రం చేసేశాం. చీరలు పంచాం, ట్రంకు పెట్టె అక్క తీసుకుంది, అటక మీద ఏళ్ల తరబడి పడి ఉన్న పాత మోకు లాంటివి బయట పడేశాం. కాబట్టి చూసి రాయడానికి వస్తువులు కూడా పెద్దగా మిగలలేదు.

జవాబు: పాత దస్తావేజు

అయ్యా, నేను ముప్పై ఎనిమిదేళ్లు దస్తావేజు లేఖరిగా పనిచేశాను. వయసు తేల్చడం నాకు అలవాటైన పని కనుక ఆ ఒక్క విషయానికి జవాబు చెబుతాను.

మీ అమ్మగారి లెక్కలో పొరపాటు లేదు. శుక్ల నామ సంవత్సరం 1929 ఏప్రిల్ ఉగాదితో మొదలై 1930 మార్చి నెలాఖరుతో ముగిసింది. అట్లతద్ది ఆశ్వయుజ బహుళ తదియ. 1929లో దీపావళి నవంబరు 1 ప్రాంతంలో వచ్చింది గనుక అట్లతద్ది దానికి పదీ పన్నెండు రోజుల ముందు, అంటే అక్టోబరు 20 చుట్టుపక్కల పడుతుంది. ఇక పెద్దక్కగారి పెళ్లి. ఆడపిల్లకు పద్నాలుగేళ్లు నిండనిదే పెళ్లి చేయకూడదన్న శారదా చట్టం 1930 ఏప్రిల్ 1 నుంచి అమలయింది. ఆ లోపల ఎలాగైనా ముడి వేయించెయ్యాలని ఆ మాఘ ఫాల్గుణాల్లో ఊరూరా పెళ్లిళ్లు జరిగాయని మా నాయనగారు చెప్పేవారు. మీ పెద్దమ్మగారి పెళ్లి ఆ తొందరలోనే జరిగి ఉంటే, అక్టోబరులో పుట్టిన మీ అమ్మగారు అప్పటికి నాలుగైదు నెలల పిల్ల, ఊయల్లోనే ఉంటారు.

విశాఖ, కాకినాడల మీద జపాను విమానాలు బాంబులు వేసింది 1942 ఏప్రిల్ 6న. ఆ పై రెండో ఏడు అంటే 1944, అప్పటికి ఆమెకు పద్నాలుగు నిండాయి. ఆధార్ లెక్క పట్టుకుంటే తొమ్మిదేళ్లకు పెళ్లి, పదమూడేళ్లకు మీ పెద్దన్నగారు పుట్టినట్లవుతుంది. ఆ లెక్క నిలవదు.

ఇంకో ఆధారం కావాలంటే, పసుపు కుంకుమల కింద పుట్టింటివారు ఆమెకు ఏమైనా భూమి ఇచ్చారేమో కనుక్కోండి. ఇచ్చి ఉంటే ఆ కాగితం రిజిస్ట్రారు ఆఫీసులో ఉంటుంది, రుసుము కట్టి నకలు తీసుకోవచ్చు. మేము "ఫలానావారి కుమార్తె, ఫలానావారి భార్య, వయస్సు సుమారు ఇన్ని సంవత్సరాలు" అని తప్పకుండా రాసేవాళ్లం. ఆ "సుమారు"ను రెండు మూడేళ్లు అటూ ఇటూ చూసుకోవాలి, అంతే. అందులో పుట్టింటి పేరు కూడా దొరుకుతుంది. తొంభై ఐదేళ్లు బతికిన మనిషి మొదటి పద్నాలుగేళ్లూ మరో ఇంటి పేరుతో బతికింది కాబట్టి దాన్ని అట్ట మీద కాకపోయినా లోపలి మొదటి పేజీలో వేయించండి.

శుక్ల మళ్లీ 1989లో వచ్చింది. ఆ ఏడు ఆమె ఏమైనా ప్రత్యేకంగా అన్నారేమో గుర్తు చేసుకోండి. ఆ తరంవారికి పుట్టిన సంవత్సరం తిరిగి రావడం చాలా పెద్ద విషయం.

జవాబు: చిన్నకోడలు

మాస్టారూ, మీరు రాసిన వాక్యమే తీసుకుంటాను. "ఎన్నడూ పరుషంగా మాట్లాడి ఎరుగని" అని రాశారు. క్షమించాలి, ఆరుగురు బిడ్డల్ని, పాడిని, పాలేళ్లను, తుఫాన్లను సంభాళించిన ఇల్లాలు ఎన్నడూ పరుషంగా మాట్లాడలేదంటే నేను నమ్మను. కొడుకులు అమ్మ గురించి రాస్తే ఇదే జరుగుతుంది. మీరు అన్నం తిన్న పీట దగ్గరి అమ్మే మీకు తెలుసు, పొయ్యి దగ్గరి అమ్మ మీ భార్యకూ వదినగార్లకూ తెలుసు. వాళ్లను అడిగారా?

మా అత్తగారు పోయినప్పుడు మా బావగారు ఇలాంటి పుస్తకమే వేయించారు. అందులో అత్తగారి గురించి ఇరవై విశేషణాలు ఉన్నాయి. ఆమె ఒక గేదె దూడ దగ్గర వచ్చిన మాటపట్టింపుతో తన ఆడపడుచుతో పదకొండేళ్లు మాట్లాడలేదనీ, అయినా ఆ పదకొండేళ్లూ ప్రతి వేసవిలో ఆవకాయ జాడీ ఒకటి ఎవరో ఒకరి చేత ఆ ఇంటికి పంపుతూనే ఉండేదనీ అందులో లేదు. జాడీ ఖాళీగా తిరిగి రాకూడదు గనుక అటువైపు నుంచి అందులో మినుములో పెసలో వచ్చేవి. మాటలు లేకుండా పదకొండేళ్లు సాగిన ఆ బేరం ఒక్కటి రాసి ఉంటే ఆవిడ ఎవరో మా మనవలకు అర్థమయ్యేది.

మరో మాట. ఆ మోకు ఎందుకు పడేశారు? ఉప్పెన చూసిన మనిషి, డాబా కట్టిన తర్వాత కూడా, అటక మీద మోకు ఉంచుకున్నదంటే ఊరికే ఉంచుకోదు. మాది బాపట్ల దగ్గర తీరపు ఊరు. మా అమ్మమ్మ చనిపోయేవరకు కార్తీకమాసంలో గాలి తిరిగిందంటే చాలు, మోకు, గొడ్డలి, సంచిలో అటుకులు పడక కిందకు తెచ్చుకునేది. దయచేసి ముందు వెళ్లి అది ఎక్కడుందో వెతకండి.

జవాబు: మంజీర ఒడ్డు

మాది మెదక్ జిల్లా. మా నాయనమ్మ తన జీవితాన్ని రెండే రెండు గుర్తులతో కొలిచేది. ఒకటి 1948 సెప్టెంబరులో పోలీసు చర్య, రెండోది మా ఊరికి కరెంటు రావడం. రజాకార్ల భయానికి ఇల్లు విడిచి బంధువుల ఊరికి వెళ్లినప్పుడు కడుపుతో ఉన్నానని చెప్పేది కాబట్టి మా పెద్దనాన్న వయసు కూడా ఆ లెక్కతోనే తేల్చుకున్నాం. మేము ఆమె పుస్తకాన్ని తేదీల వరసలో వేయలేదు. ఆమె చెప్పుకున్న గుర్తుల వరసలోనే వేశాం. చదివినవాళ్లు నాయనమ్మ పక్కన కూర్చుని చెబుతున్నట్టుగా ఉందన్నారు. మీ అమ్మగారు పెట్టుకున్న గుర్తులు ఏమిటో ముందు వెతకండి.

జవాబు: డాలస్ నుంచి

మా అమ్మ ఉన్నన్నాళ్లూ ప్రతి ఆదివారం ఫోనులో మాట్లాడేదాన్ని. అందులో ఓ ముప్పై సంభాషణలు రికార్డు చేసి ఉంచాను. ఆమె పోయిన తరువాత వాటిని రాయించడానికి ఒకరికి ఇస్తే, అతను శ్రద్ధగా అమ్మ మాటలన్నింటినీ పుస్తక భాషలోకి మార్చి పంపాడు. "అట్టాగే పోయింది ముండాకాలం" అన్నది "కాలం అలా గడిచిపోయింది" అయింది. చదివి ఏడుపు వచ్చింది, మంచి అర్థంలో కాదు. మీ దగ్గర అమ్మగారి గొంతు ఏ రూపంలో ఉన్నా, పెళ్లి వీడియోలో వినిపించే పక్కమాట అయినా సరే, ఉన్నది ఉన్నట్టు రాయండి. మీరు రాసే భాగం మీ భాషలో, ఆమె మాటలు ఆమె భాషలో ఉండాలి.

జవాబు: సంధ్యావందనం

అందరూ ఒకవైపే చెబుతున్నారు కనుక రెండో వైపు నేను చెబుతాను. నాకు ఎనభై రెండేళ్లు. మీ పెద్దన్నగారు వద్దన్నారంటే అది మొండితనమని ఎవరూ అనుకోకండి. మూడేళ్ల కొడుకును పోగొట్టుకున్న తండ్రి ఆయన. పుస్తకం అమ్మగారిదే కావచ్చు, ఆ బిడ్డ మాత్రం ఆయన బిడ్డ. అప్పట్లో దొరకని శవాలు ఎన్నో, దర్భలతో బొమ్మ చేసి దహనం చేసిన ఇళ్లు ఎన్నో. అధికారులు లెక్క తేల్చింది పదివేల వరకు గాని, దాని మీద సీమలో ఎవరికీ నమ్మకం లేదు. ఆ దుఃఖాన్ని నలభై ఎనిమిదేళ్లు నోరు మెదపకుండా మోసినవారికి, బంధువులందరి ముందు అచ్చులో దాన్ని చూడమనడం భరించరానిదవుతుంది. జ్ఞాపకం పెట్టుకోవడం పోయినవారి కోసం చేసే పనే, కాని ఉన్నవారిని నొప్పించి చేయవలసిన పని కాదు. మాట్లాడాలనుకుంటే ముందు ఆయనతో ఒంటరిగా మాట్లాడండి. పుస్తకం ఊసు ఎత్తకుండా మాట్లాడండి.

మళ్లీ జవాబు: చిన్నకోడలు

పెద్దలు చెప్పినదానికి నేను ఎదురు చెప్పను. ఒక్కటి మాత్రం అడుగుతాను. ఆ బిడ్డకు తల్లి కూడా ఉంది కదా. వదినగారు ఏమంటున్నారో మాస్టారు ఇంతవరకు రాయనే లేదు.

మళ్లీ రాసినవారు: కృష్ణాతీరం

ఇరవై రోజుల తర్వాత రాస్తున్నందుకు మన్నించండి. ఇంటికి వెళ్లి వచ్చాను. ఒక్కొక్కరికీ జవాబు చెప్పుకుంటాను.

పాత దస్తావేజు గారికి. నకలు దొరికింది. 1951లో మా తాతగారు అమ్మకు పసుపు కుంకుమల కింద ఎకరం ఇరవై సెంట్లు రాసి ఇచ్చారు. "వయస్సు సుమారు 22 సం." అని ఉంది, వేలిముద్ర ఉంది. మీ లెక్కకు ఏడాది కూడా తేడా లేదు. పుస్తకం అట్ట మీద 1929 అనే వేస్తున్నాం. 1989 మాట మీరు ఎత్తాక మా తమ్ముడికి గుర్తుకొచ్చింది. ఆ ఏడు ఉగాది నాడు పంచాంగం వినిపిస్తుంటే అమ్మ "నా ఏడు మళ్లీ వచ్చింది, ఇక వచ్చేదంతా కొసరే" అన్నారట. ఆ ఏడు వెళ్లిన తర్వాతి వేసవిలో, 1990 మే 9న, మళ్లీ పెద్ద తుఫాను మా తీరాన్నే తాకింది. అప్పటికి హెచ్చరికలు ముందే వచ్చి జనాన్ని లక్షలకొద్దీ తరలించారు కాబట్టి ప్రాణనష్టం 1977తో పోలిస్తే చాలా తక్కువ. మమ్మల్నందరినీ బడి డాబా మీదకు ముందురోజే తోలింది అమ్మే. "గవర్నమెంటు చెప్పేదాకా కూచుంటే నీళ్లు చెబుతాయి" అన్న మాట ఆమెదే. అది ఆమె అన్నట్టుగానే వేస్తున్నాను.

మంజీర ఒడ్డు గారి సలహా పట్టుకుని అమ్మ గుర్తుల వరస వేసుకున్నాను. అక్క పెళ్లి, బాంబులు, ఏరు దాటడం, ఎకరం ఇరవై సెంట్లు, ఉప్పెన, తిరిగొచ్చిన శుక్ల, మనవరాలి ఉద్యోగం. నేను గొప్పవనుకున్నవి, నా ఉద్యోగం, తమ్ముడి డాబా, అన్నయ్య సర్పంచి పదవి, ఒక్కటీ అందులో లేవు. మొదట కొంచెం కష్టం వేసింది. తర్వాత నవ్వొచ్చింది.

చిన్నకోడలు గారికి. మీ చీవాట్లు మా ఇంట్లో చదివి వినిపించాను. ముగ్గురు కోడళ్లూ ఒక మధ్యాహ్నమంతా మాట్లాడారు, నేను రాసుకుంటూ కూర్చున్నాను. అమ్మకు చదువు రాకపోయినా పాల లెక్క వంటింటి గోడ మీద బొగ్గు గీతలతో రాసేదట. గీత తప్పు పెట్టిన పాలవాడిని వీధి చివరిదాకా వెంటపడి తిట్టిందట. కోడళ్లను కూడా తిట్టేదట, ఆ తిట్లు నాకు చెప్పలేదు. ఉప్పెన ముందు ఏటా మాఘపున్నమికి హంసలదీవి వెళ్లి సముద్రస్నానం చేసి, వేణుగోపాలస్వామిని చూసి వచ్చేవారని నాకు తెలుసు. ఆ తరువాత ఒక్కసారి కూడా వెళ్లలేదని మాత్రం నేను గమనించనే లేదు. పెద్దవదిన ఒకసారి పిలిస్తే "అది మనింటికొచ్చి పోయింది, మనం పోవక్కర్లేదు" అన్నారట. నలభై ఏళ్లకు పైగా ఒకే ఇంట్లో తిరిగి ఇంత మాట ఇప్పుడు వింటున్నాను.

మోకు దొరికింది. పాలేరు దాన్ని గొడ్ల చావిడి దూలానికి వేలాడదీసి పెట్టాడు. కొలిస్తే పదకొండు బారలు ఉంది. ఒక చివర ముడి వేసి బిగుసుకుపోయి ఉంది, ఎవరి చేతికీ విడలేదు.

దాన్ని వసారాలోకి తెచ్చి పెట్టాను. సంధ్యావందనం గారు చెప్పినట్టు పుస్తకం ఊసెత్తకుండా పెద్దన్నయ్య పక్కన కూర్చున్నాను. ఆయన చాలాసేపు మోకు వంకే చూసి, ఆ రాత్రి సంగతి తానుగా చెప్పడం మొదలుపెట్టారు. చీకటి పడ్డాక నీళ్లు ఎటు నుంచి వచ్చాయో, పెరటి తాడిచెట్టు దగ్గర ఆ మోకు ఎవరెవరికి సరిపోయిందో, ఎవరి దాకా రాలేదో చెప్పారు. వదిన తలుపు దగ్గర నిలబడి విన్నారు. ఆమె ఆ సంగతి అంతా ఆయన నోట వినడం అదే మొదటిసారి అని ఆమె మొహం చూస్తే తెలిసింది.

ఆ వివరం ఇక్కడ కూడా రాయను. మర్నాడు ఉదయం పెద్దన్నయ్య నన్ను పిలిచి, "వాడి పేరు వెయ్యి, చెల్లాయి పేరూ వెయ్యి, మోకు సంగతి వద్దు" అన్నారు. వదిన మాత్రం, పేరు పక్కన వాడి వయసు కూడా వేయమన్నారు, మూడేళ్లు కాదు, మూడేళ్ల రెండు నెలలు అని.

అలాగే వేస్తున్నాం. "త్యాగమూర్తి" తీసేశాను. పేజీలు నలభై నుంచి అరవై రెండుకు పెరిగాయి, అచ్చు ఖర్చు గురించి తమ్ముడు గొణుగుతున్నాడు. మోకును మళ్లీ అటక మీద పెట్టించాను.